ఆవకాయ జాడీకున్న శ్రద్ధ నీళ్ళ సీసాకీ

పిల్లలు అమెరికాలో ఇల్లు కొంటున్నామని ఫోన్ చేస్తే మనం ముందు అడిగేది వాకిలి ఏ ముఖం అని. ఇకమీదట ఇంకోమాట కూడా అడగండి. వచ్చేవి మునిసిపాలిటీ నీళ్ళా, సొంత బోరు నీళ్ళా అని.

మా మేనకోడలు న్యూజెర్సీలో బోరున్న ఇల్లు చూసింది. చంటిపిల్ల తల్లి. డబ్బాపాలు కలపాల్సింది ఆ నీళ్ళతోనే కదా! అక్కడ అలాంటి ఇల్లు అమ్మాలంటే నీటి పరీక్ష తప్పనిసరి. 2021 డిసెంబరు నుంచి అందులో పి.ఎఫ్.ఏ.ఎస్. రసాయనాలు మూడింటిని కూడా చేర్చారు.

నాన్‌స్టిక్ పెనాల తయారీలో, వానకోట్లలో, నూనె అంటని కాగితాల్లో, మంటలార్పే నురగలో వాడుతూ వచ్చిన ఫ్లోరిన్ రసాయనాలివి. నేలలో చేరితే ఏళ్ళు గడిచినా నశించవు. వీటిలో పి.ఎఫ్.ఓ.ఏ. అనేదానికి కొలెస్ట్రాల్ పెరగడంతో, మూత్రపిండాల కాన్సర్‌తో సంబంధం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి.

మన నల్లగొండ ఫ్లోరైడ్ ఇదేనా అంటారేమో. కాదు. అది రాళ్ళలోంచి నీళ్ళలో కరిగేది, కొలత మిల్లీగ్రాముల్లో. ఆ పరీక్షలో ఇవి బయటపడవు. పి.ఎఫ్.ఓ.ఏ.కి న్యూజెర్సీ పెట్టిన హద్దు లీటరుకు 14 నానోగ్రాములు. అంటే 100 కోట్ల లీటర్లలో 14 గ్రాములు! మునిసిపాలిటీ నీళ్ళకైతే అమెరికా ప్రభుత్వం 2024లో 4 నానోగ్రాములే అంది.

ఇంత సూక్ష్మం కాబట్టే నీళ్ళు పట్టడంలోనే ఉంది కిటుకంతా. అమ్మకం పరీక్షకు లాబ్ తరఫు మనిషే వచ్చి పడతాడు. తర్వాత మనం చేయించుకునేటప్పుడు మాత్రం ఆవకాయ జాడీకి తడి తగలనివ్వనంత జాగ్రత్త కావాలి.

* లాబ్ పంపిన సీసాలోనే పట్టాలి. ఇంట్లో ఖాళీ సీసాలు పనికిరావు.
* చేతులు కడుక్కోవాలి. క్రీములు, లోషన్లు రాసుకోకూడదు. వానకోటు వేసుకోకూడదు.
* మూత కింద పెట్టకూడదు, లోపల వేలు తగలకూడదు.
* కాసేపు నీళ్ళు వదిలాకే పట్టి, చల్లగా ఉంచి పంపాలి.

ప్రభుత్వ గుర్తింపు ఉన్న లాబ్‌కే ఇవ్వాలి. 'కనబడలేదు' అని రిపోర్టు వస్తే బొత్తిగా లేవని కాదు, ఆ లాబ్ కొలవగలిగినంతలో లేవని అర్థం.

హద్దు దాటితే? 'కాచి తాగండమ్మా' అని మాత్రం చెప్పకండి. మరిగితే నీళ్ళు తగ్గుతాయి, రసాయనం అలాగే ఉంటుంది. బొగ్గు ఫిల్టరో, ఆర్.ఓ.నో పెట్టించుకోవాలి. పెట్టించాక మళ్ళీ ఓసారి పరీక్ష చేయించాలి. ఫిల్టరు గుళ్ళ గడువుకి మార్చాలి. అంతవరకూ పాపాయి పాలకి వేరే మంచినీళ్ళు తెచ్చుకోమనండి. నీళ్ళు తేటగా ఉన్నాయి, తియ్యగా ఉన్నాయి అన్నది మన కంటికీ నాలుకకీ తెలిసినంతవరకే సుమా!