పేదరికం దాటితే మధ్యతరగతేనా?

2025లో నవరాత్రులకు ముందురోజు సాయంత్రం ప్రధాని జాతినుద్దేశించి చేసిన ప్రసంగంలో పన్నుల తగ్గింపు మాటల మధ్య ఒక వాక్యం ఉంది. పదకొండేళ్లలో 25 కోట్ల మంది పేదరికాన్ని ఓడించారని, వారు ఇవాళ ‘నవ మధ్యతరగతి’గా దేశంలో పెద్ద పాత్ర పోషిస్తున్నారని ఆయన అన్నారు. సబ్బులు, షాంపూల మీద జీఎస్టీ తగ్గింది, వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద పూర్తిగా పోయింది, కొత్త పన్ను విధానంలో రూ.12 లక్షల దాకా ఆదాయపు పన్ను లేదు. ఇవి నిజమైన ఊరటలే. కానీ 25 కోట్ల మందిని ఒక్క మాటతో మధ్యతరగతిలో కలిపేయడం అసత్యం. నోరు జారి వచ్చిన మాట అని సరిపెట్టుకోవడానికీ లేదు. ఆ అంకె ఎక్కడిదో, అది దేన్ని కొలిచిందో ప్రభుత్వానికి అందరికంటే బాగా తెలుసు.

నీతి ఆయోగ్ 2024 జనవరిలో వెలువరించిన చర్చాపత్రంలోది ఆ అంకె. 2013-14లో 29.17 శాతం ఉన్న బహుముఖ పేదరికం 2022-23 నాటికి 11.28 శాతానికి దిగిందని, 24.82 కోట్ల మంది దాన్నుంచి బయటపడ్డారని ఆ పత్రం చెప్పింది. పోషకాహారం, పిల్లల మరణాలు, గర్భిణుల ఆరోగ్యం, చదువు, వంట ఇంధనం, మరుగుదొడ్డి, తాగునీరు, కరెంటు, ఇల్లు, ఇంట్లోని వస్తువులు, బ్యాంకు ఖాతా వంటి పన్నెండు సూచికలు చూసి ఈ లెక్క కట్టారు. ఆ పన్నెండింటిలో ఆదాయం లేదు. ఇంటికి నెలకు ఎంత వస్తోంది, ఎంత మిగులుతోంది, నెత్తిన ఎంత అప్పుంది అన్న ప్రశ్నే లేదు. సూచికలన్నిటికీ వేసిన మార్కుల్లో మూడో వంతు మేర లోటు ఉంటే ఆ కుటుంబం పేదది, అంతకు కాస్త తగ్గితే కాదు. కట్టెల పొయ్యి మీద వండుకునే కూలీ కుటుంబం ప్రధానంగా గ్యాస్ మీద వండుకోవడం మొదలుపెట్టి, బ్యాంకు ఖాతా తెరిస్తే చాలు, ఆ ఇల్లు గీత దాటిపోవచ్చు. కూలి ఒక్క రూపాయి పెరగనక్కర్లేదు. ఖాతాలో డబ్బు ఉందా అని ఈ లెక్క అడగదు.

పైగా 2013-14లో గానీ, 2022-23లో గానీ ఇందుకు అవసరమైన సర్వే జరగనే లేదు. వేరే ఏళ్లలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో కనిపించిన ధోరణిని బట్టి ఆ రెండేళ్లకూ అంచనా వేశారు. ఆ లెక్కకు వాడిన చివరి సర్వే 2019-21 నాటిది. కొవిడ్ కొట్టిన దెబ్బ ఆ అంచనాలో పూర్తిగా కనిపించదు. ఉద్యోగాలు పోయి నగరాల నుంచి కాలినడకన ఊళ్లకు చేరిన వాళ్లు ఉన్న దేశంలో ఇది చిన్న లోపం కాదు.

మరుగుదొడ్డి, కుళాయి, కరెంటు తక్కువ విషయాలని మేం అనడం లేదు. అవి వచ్చిన ఇంట్లో ఆడవాళ్ల బతుకు మారింది. కానీ అది దారిద్ర్యం నుంచి ఒక అడుగు బయటికి వేయడమే. మధ్యతరగతి అంటే నెల తిరిగేసరికి చేతికొచ్చే జీతం, ఒక ఆపరేషన్‌కు కుప్పకూలని ఇల్లు, పుస్తెలు కుదువ పెట్టకుండా పిల్లలకు చెప్పించే చదువు. దేశంలో వైద్యం మీద అయ్యే మొత్తం ఖర్చులో 2021-22లో కూడా 39.4 శాతం జనం నేరుగా జేబులోంచి పెట్టుకున్నదే. ఆ ఖర్చుకు తట్టుకోలేని కుటుంబం మళ్లీ గీత కిందికి జారడానికి ఒక్క జ్వరం చాలు.

సర్కారు తన మాటను తానే నమ్మడం లేదు. 81 కోట్ల మందికి ఉచిత బియ్యం, గోధుమలను 2024 జనవరి 1 నుంచి మరో అయిదేళ్లు పొడిగించింది ఈ ప్రభుత్వమే. అందుకు రూ.11.80 లక్షల కోట్లు కేటాయించాలనుకుంది. ఆ నిర్ణయం సరైనది, కొనసాగాలి. కానీ జనాభాలో సగం కంటే ఎక్కువ మందికి తిండిగింజలు ఉచితంగా ఇవ్వక తప్పదని ఒప్పుకున్నవారు అదే నోటితో 25 కోట్ల కొత్త మధ్యతరగతిని ఎలా ప్రకటిస్తారు? ఇంకో లెక్క చూడండి. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో తెచ్చిన ఈడబ్ల్యూఎస్ కోటాకు కుటుంబ వార్షికాదాయ పరిమితి రూ.8 లక్షలు. అంటే నెలకు రూ.65 వేలు వచ్చే ఇల్లు ‘ఆర్థికంగా బలహీన’మైనది. అదే ప్రభుత్వం దృష్టిలో నిన్ననే గ్యాస్ పొయ్యి చూసిన ఇల్లు మధ్యతరగతి. 2023-24 వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామీణ ప్రాంతంలో మనిషి సగటు నెల ఖర్చు రూ.4,122. భూస్వామి నుంచి వ్యవసాయ కూలీ దాకా అందరినీ కలిపిన సగటు ఇది. నలుగురున్న ఇంటికి దాదాపు రూ.16,500. మొన్న మొన్న పేదరికం దాటిన ఇల్లు ఈ సగటుకు ఎంత దిగువన ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఈ పత్రిక కోపానికి అసలు కారణం వేరే ఉంది. కొత్త మధ్యతరగతిని కాగితం మీద సృష్టించిన కాలంలోనే పాతది అరిగిపోతోంది. కార్మిక శక్తి సర్వేల్లో నెలజీతగాళ్ల వాటా 2018-19లో 23.8 శాతం, 2023-24లో 21.7 శాతం. 2022-23లో కుటుంబాల నికర ఆర్థిక పొదుపు జీడీపీలో 5 శాతం దగ్గరకు పడిపోయింది. దాదాపు అయిదు దశాబ్దాల్లో ఇంత తక్కువ ఎన్నడూ లేదు. జనం ఇళ్లు, బండ్లు కొనుక్కుంటున్నారని, ఇందులో ఇబ్బందేమీ లేదని ఆర్థిక శాఖ అప్పట్లో కొట్టిపారేసింది. రెండు నెలలు తిరక్కుండానే పూచీకత్తు లేని వినియోగ రుణాలు పెరిగిపోతున్నాయంటూ రిజర్వ్ బ్యాంకు వాటిపై రిస్క్ వెయిట్‌ను, అంటే వాటికోసం బ్యాంకులు పక్కన పెట్టాల్సిన మూలధనాన్ని తేల్చే కొలతను, 100 నుంచి 125 శాతానికి పెంచాల్సి వచ్చింది. 2019లో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. 2023-24 నాటికి కంపెనీలు కట్టిన పన్ను కంటే వ్యక్తులు కట్టిన ఆదాయపు పన్నే ఎక్కువ.

కిందికి జారుతున్న వర్గం రాజకీయాల్లో ఎక్కడ తేలుతుందో పదేళ్లుగా చూస్తున్నాం. రిజర్వేషన్ల కోసం 2015లో గుజరాత్‌లో పాటీదార్లు, 2016లో తుని దగ్గర కాపులు, ఆ తర్వాత మహారాష్ట్రలో మరాఠాలు ఉద్యమించారు. వీరిలో చాలామంది ఒకప్పుడు భూమి ఉన్నవాళ్లు. సేద్యం గిట్టుబాటు కాక, ఇంజనీరింగ్ చదివించిన కొడుక్కి ఉద్యోగం రాక రోడ్డెక్కారు. ప్రభుత్వాలు వారికి ఉద్యోగాలు చూపలేదు, కోటా చూపాయి. లేని ఉద్యోగాల్లో వాటా కోసం కులాలు ఒకదానితో ఒకటి కలబడ్డాయి. మరోపక్క జీతం నుంచి పన్ను కట్టే ఉద్యోగికి తన పక్కింటి రేషన్ కార్డు మీద కోపం నూరిపోశారు. ఇద్దరి బతుకూ ఇరుకైన సంగతి ఇద్దరికీ తెలియకుండా పోయింది. ఈ పనిలో ప్రతిపక్షాలకూ పాలు ఉంది. ఎన్నికలొచ్చిన ప్రతి రాష్ట్రంలో నెల నెలా వేసే డబ్బు పెంచి చెప్పడం తప్ప, కొలువుల గురించి కచ్చితమైన మాట ఇచ్చిన పార్టీని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఈ పరిస్థితిలో 25 కోట్ల మందికి మధ్యతరగతి ముద్ర వేయడం హాని చేస్తుంది. ముద్ర పడినవాడికి సాయం అడిగే హక్కు సన్నగిల్లుతుంది. మధ్యతరగతి పెరుగుతోందని చాటుకునే సర్కారుకు జీతాలు ఎందుకు పెరగడం లేదో, పొదుపు ఎందుకు కరిగిపోయిందో జవాబు చెప్పాల్సిన పని తప్పుతుంది.

దేశవ్యాప్తంగా కుటుంబాల ఆదాయ సర్వే 2026 ఫిబ్రవరిలో మొదలవుతుందని కేంద్ర గణాంక శాఖ 2025లో ప్రకటించింది. మన దేశంలో ఇలాంటి సర్వే ఇదే మొదటిది. అలాంటి సర్వే ఒక్కటీ పూర్తి కాకముందే ప్రభుత్వం, ఆదాయాన్ని బట్టి తేలాల్సిన వర్గంలోకి 25 కోట్ల మందిని చేర్చింది. సర్వే ఫలితాలు వచ్చేదాకా ఆ మాటను ప్రధాని వెనక్కి తీసుకోవాలి. ఏ ఆదాయం నుంచి ఏ ఆదాయం దాకా మధ్యతరగతి అని కేంద్రం భావిస్తోందో పార్లమెంటులో రాతపూర్వకంగా చెప్పాలి. ఈడబ్ల్యూఎస్‌కు రూ.8 లక్షల గీత ఎందుకు, నవ మధ్యతరగతికి ఏ గీతా ఎందుకు లేదు అన్న ప్రశ్నకు జవాబు కూడా ఆ కాగితంలోనే ఉండాలి.