చుక్కల రాత్రికి ఎర్ర దీపమే మేలు

దాదర్: కామాటిపురా, వర్లీ బీడీడీ చాళ్లలో పెరిగిన తెలుగు పిల్లలకు రెండు బిల్డింగుల సందులో కనిపించేదే ఆకాశం. చాళ్లు పోయి టవర్లు లేస్తున్న కొద్దీ ఆ ముక్క కూడా తరిగిపోతోంది. వర్లీలో 1977లో మొదలైన నెహ్రూ ప్లానెటోరియం చూపించే చుక్కలు గుమ్మటం మీదివి. అసలు చుక్కలు చూడాలంటే చీకటి ఉన్న చోటికి వెళ్లాల్సిందే. దాదర్‌లో కర్జత్ లోకల్ ఎక్కితే బద్లాపూర్ తర్వాతి స్టేషను వాంగణి. ఖగోళ మండల్ వంటి ఔత్సాహిక సంస్థలు అక్కడే రాత్రంతా ఆకాశ దర్శనాలు పెడుతూ వచ్చాయి. మన తెలుగు సంఘాలు ఏడాదికి ఒక్కసారైనా చాళ్ల పిల్లల్ని అలా ఎందుకు తీసుకెళ్లకూడదు?

తీసుకెళితే మాత్రం ఒక జాగ్రత్త తప్పదు. ఆ రాత్రిని చెడగొట్టడానికి ఒక్క సెల్‌ఫోన్ టార్చి చాలు. మసక వెలుతురులో చూపునిచ్చే కణాలు కంట్లో వేరుగా ఉంటాయి. వాటిలోని రొడాప్సిన్ అనే పదార్థం తెల్లని కాంతి పడగానే విరిగిపోతుంది. మళ్లీ కూడుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఎవరో చెప్పులు వెతుక్కుందామని లైటు వేస్తే, పక్కనున్న పది మందికీ అరగంట చూపు పోయినట్టే.

ఈ కణాలకు నీలం, ఆకుపచ్చ కాంతులు బాగా తగులుతాయి. ముదురు ఎరుపు దాదాపు తగలదు. అందుకే ఎర్ర దీపం వాడమనేది. ఆకుపచ్చ అయితే కొద్ది వెలుతురుతోనే చదవొచ్చు కదా అని కొందరి వాదన. నిజమే కానీ, చెయ్యి జారి కాస్త ఎక్కువైతే నష్టమూ ఎక్కువే. అలాగని ఎరుపైతే చాలనుకోవద్దు. కళ్లు చెదిరేలా ఉంటే ఎర్ర లైటూ చెరుపే చేస్తుంది.

ఖర్చు ఏమంత ఉండదు. దీపావళి కందీళ్లకు వాడే ఎర్ర జిలాటిన్ కాగితాన్ని రెండు మూడు మడతలేసి చిన్న టార్చికి రబ్బరు బ్యాండుతో బిగిస్తే సరి. అక్షరాలు కష్టపడి చదవగలిగేంత వెలుగుంటే చాలు. చుక్కల పటంలో ఎర్ర సిరా గీతలు ఆ వెలుగులో కనిపించవు కాబట్టి నల్ల సిరాదే తీసుకెళ్లాలి. ఫోన్లు మాత్రం సంచీలోనే ఉండాలి. అప్పుడు చూస్తే పిల్లలకోడి చుక్కల గుంపులో ఎన్ని ఉన్నాయో పిల్లలే పోటీపడి లెక్కపెడతారు.

ఇళ్లు, రోడ్లు కట్టిన తెలుగు కామాటీల పేరు మీద వెలిసిన పేట కామాటిపురా. కానీ ఆ పేరు చెప్పగానే 'ఎర్ర దీపాల వాడ' అని ఎత్తిపొడిచేవాళ్లే ఎక్కువ. ఆ మాట పడ్డ పిల్లల చేతికే ఒక ఎర్ర దీపమిచ్చి చుక్కలు చూపించాలి. వచ్చే డిసెంబరు అమావాస్య దగ్గర ఒక శనివారం రాత్రి ఇందుకు కేటాయించడం సంఘాలకు పెద్ద భారం కాదు.