చిన్న ఇంటి పైకప్పును మరచిన నిబంధనలు

ఉదయం నుంచి సాయంత్రం దాకా ఎండను నేరుగా భరించేది స్లాబే కాబట్టి, ఒకే అంతస్తు ఉన్న ఇళ్లలోనూ, అపార్ట్‌మెంట్ల చివరి అంతస్తులోనూ వేసవి వేడిలో పెద్ద వాటా పైకప్పు గుండానే లోపలికి దిగుతుంది. ఈ వేడిని అదుపు చేసే నిబంధనలు కేంద్రంలోనూ తెలంగాణలోనూ ఇప్పటికే ఉన్నప్పటికీ, వాటి పట్టు ప్రధానంగా పెద్ద స్థలాల్లో కొత్తగా లేచే కట్టడాలకే పరిమితమై ఉండగా, ఎండ దెబ్బకు ఎక్కువగా గురయ్యేవారు ఎప్పుడో కట్టిన చిన్న ఇళ్లలోనూ రేకుల గదుల్లోనూ బతుకుతున్నారు. నిబంధనకూ అవసరానికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని తగ్గించడమే ఇప్పుడు ప్రభుత్వం చేయవలసిన పని.

పైకప్పు వేడిని తగ్గించే మార్గాలు ప్రధానంగా రెండు. స్లాబు మీద తెల్లటి ప్రత్యేక పూత పూసి గానీ, లేత రంగు టైల్స్ పరచి గానీ ఎండను వెనక్కి తిప్పికొట్టడం మొదటిది. దీన్నే కూల్ రూఫ్ అంటున్నారు. పైకప్పు గుండా వేడి ప్రవహించే వేగాన్ని తగ్గించే పొరను చేర్చడం రెండోది. ఇదే ఉష్ణ నిరోధకం, అంటే ఇన్సులేషన్. రాయలసీమ మిద్దెల మీద మందంగా పరచిన చౌడుమట్టి చేసిన పని ఇదే. పైకప్పు ఎంత వేడిని లోపలికి వదులుతుందో యూ విలువ చెబుతుంది. లోపలికీ వెలుపలికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి సాగుతుందన్నది దాని అర్థం. 15 సెంటీమీటర్ల మందం గల మామూలు కాంక్రీటు స్లాబుకు ఈ విలువ 3.3 దాకా ఉండగా, కేంద్ర విద్యుత్ శాఖ 2018 డిసెంబరులో విడుదల చేసిన గృహ నిర్మాణ స్మృతి ‘ఎకో నివాస్ సంహిత’ దాన్ని 1.2కు మించనివ్వరాదని చెప్పింది.

ఈ అంకెల వెనుక ఉన్న తేడా చిన్నది కాదు. 100 చదరపు మీటర్ల స్లాబు మీద ఎండ ప్రభావాన్ని కలుపుకొని వెలుపలికీ లోపలికీ 20 డిగ్రీల తేడా ఉందనుకుంటే, మామూలు స్లాబు గుండా 6,600 వాట్ల వేడి దిగుతుంది. సంహిత ప్రమాణాన్ని పాటించిన స్లాబు గుండా దిగేది 2,400 వాట్లే. తగ్గిన 4,200 వాట్లు ఒక టన్ను ఏసీ తోడిపోసే వేడి కంటే ఎక్కువ. ఈ ప్రమాణాన్ని అందుకోవడానికి స్లాబు మీద సుమారు 2 సెంటీమీటర్ల మందం గల నాణ్యమైన గట్టి ఫోమ్ పలక సరిపోతుందంటే, అడ్డంకి సాంకేతికమైనది కాదని స్పష్టమవుతుంది.

అడ్డంకి నిబంధనల పరిధిలో ఉంది. ఎకో నివాస్ సంహిత 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాల్లోని నివాస నిర్మాణాలకు ఉద్దేశించినది. అది కూడా రాష్ట్రాలు తమ భవన నిబంధనల్లో చేర్చుకున్నప్పుడే కట్టుబాటవుతుంది. 2023 ఏప్రిల్‌లో వెలువడిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం ప్రభుత్వ, వాణిజ్య భవనాలతో పాటు 600 చదరపు గజాలు దాటిన స్థలాల్లోని నివాసాలకు కూల్ రూఫ్‌ను తప్పనిసరి చేసి, అంతకంటే చిన్నవాటిని యజమాని ఇష్టానికి వదిలింది. 600 గజాలంటే దాదాపు 500 చదరపు మీటర్లే. టీఎస్ బీపాస్ చట్టం కింద యజమాని స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి దొరికే చిన్న ఇళ్లకు విధించిన హద్దు కూడా ఈ 500 చదరపు మీటర్లే. అంటే ప్రభుత్వ తనిఖీ ఎక్కడ పలచబడుతుందో, వేడి నుంచి రక్షణ కల్పించే బాధ్యత కూడా సరిగ్గా అక్కడే ఆగిపోతున్నది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర కూల్ రూఫ్ ఉండాలన్నది ఆ విధానం పెట్టుకున్న లక్ష్యం. చిన్న ఇళ్లను కలుపుకోకపోతే ఆ విస్తీర్ణం పూర్తయినా, ఎండకు ఎక్కువగా నలిగేవారికి ఒరిగేది తక్కువ.

పాత ఇళ్ల విషయంలో ఒక మేలైన పద్ధతి ఇంగ్లండులో ఉంది. అక్కడ పైకప్పులో సగానికి మించిన భాగాన్ని మరమ్మతు చేసేటప్పుడు ఉష్ణ నిరోధాన్ని కూడా మెరుగుపరచడం సాధారణ నియమం. ఎలాగూ మేస్త్రీ, కూలీ, సామగ్రి ఖర్చు పెడుతున్న సమయంలో అదనపు పొర వేయడానికయ్యే భారం తక్కువగా ఉంటుందన్నదే దాని వెనుక ఉన్న తర్కం. తెలుగు పట్టణాల్లో స్లాబు కారుతున్నందున వాటర్‌ప్రూఫింగ్ చేయించడం, ఉన్న ఇంటి మీద మరో అంతస్తు వేయడం అలాంటి సందర్భాలే. రెండోదానికి ఎలాగూ అనుమతి కావాలి కాబట్టి, కొత్త స్లాబుకు యూ విలువ షరతును ఆ అనుమతితోనే ముడిపెట్టవచ్చు.

ఖర్చు విషయంలో నిజాయితీగా మాట్లాడాలి. కూల్ రూఫ్ పూతకు చదరపు మీటరుకు 300 రూపాయల దాకా అవుతుందన్నది విధానాన్ని ప్రకటించినప్పుడు ప్రభుత్వం చెప్పిన అంచనా. ఇన్సులేషన్‌కు పలకలతో పాటు వాటర్‌ప్రూఫింగ్, పైన కాంక్రీటు పొర, టైల్స్ కూడా కావాలి కాబట్టి ఖర్చు అంతకంటే బాగా ఎక్కువవుతుంది. పైగా ఖర్చు పెట్టేవాడు యజమాని, కరెంటు బిల్లు కట్టేవాడు అద్దెదారు అయిన ఇళ్లలో ఎవరూ ముందుకు రారు. అందుకే ప్రభుత్వం తన ఖర్చుతోనే మొదలుపెట్టాలి. 5 లక్షల రూపాయల సాయంతో కడుతున్న ఇందిరమ్మ ఇంటికి కనీస విస్తీర్ణమైన 400 చదరపు అడుగుల పైకప్పు లెక్కన పూతకయ్యేది సుమారు 11 వేల రూపాయలు, అంటే సాయంలో రెండు శాతానికి కాస్త ఎక్కువ. గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితంగా ఇస్తున్న ప్రభుత్వానికి, ఆ ఇళ్లలో ఆదా అయ్యే ప్రతి యూనిట్ ఖజానాకు ఆదాయే. మిగిలిన యజమానులకు ఆస్తి పన్నులో కొన్నేళ్ల పాటు రాయితీ ఇవ్వడం సరళమైన మార్గం.

అయితే నిబంధన విస్తరించే కొద్దీ జాగ్రత్తలు కూడా విస్తరించాలి. ఫోమ్ పలకలను స్లాబు కింద కాకుండా పైన వేయించాలి; అప్పుడు కాంక్రీటే వేడెక్కదు, వేడికి సాగి కుంచించుకుని పగుళ్లివ్వడమూ తగ్గుతుంది. ఇన్సులేషన్‌ను పైకప్పు దాటి గోడలకూ విస్తరిస్తే మరింత జాగ్రత్త కావాలి; వెలుపలి గోడలకు మండే స్వభావం గల పలకలు తొడగడం ఎంత ప్రమాదమో 2017లో 72 మందిని బలిగొన్న లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదం చూపింది. గోడ బయట చేర్చిన పొర మందం ఇంటి చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్‌ను కొంత ఆక్రమిస్తుంది కాబట్టి, నిర్ణీత మందం వరకు దాన్ని ఉల్లంఘనగా పరిగణించబోమని నిబంధనల్లోనే రాయాలి. తెల్లపూత మీద దుమ్ము పేరుకుంటే పరావర్తనం తగ్గుతుంది కనుక కడగడం, కొన్నేళ్లకు మళ్లీ పూయడం ఖర్చులో భాగమని ముందే చెప్పాలి.

తెలంగాణ విధానం గడువు 2028తో ముగుస్తుంది. దాన్ని తిరగరాసేటప్పుడు స్థలం విస్తీర్ణాన్ని కొలమానంగా వదిలి, ప్రభుత్వ సాయంతో కట్టే ప్రతి ఇంటికీ, అనుమతి పొందే ప్రతి కొత్త స్లాబుకూ వేడి నుంచి కనీస రక్షణను షరతు చేయాలి. రేకుల ఇళ్లకు పూత ఖర్చును ప్రభుత్వమే భరించాలి. ఆంధ్రప్రదేశ్ కూడా అదే బాట పట్టాలి. ఎండ నుంచి రక్షణ స్థలం పెద్దగా ఉన్నవారికే దక్కడం ఏ గృహనిర్మాణ విధానానికీ తగదు.