బట్టీ దగ్గరకు వకీలు రావాలి

ఇబ్రహీంపట్నం: వానలు వెనుకబట్టి చలి మొదలుకాగానే మన చుట్టుపక్కల ఇటుక బట్టీల వద్ద గుడిసెలు లేస్తాయి. పచ్చి ఇటుకలు పేర్చి, పైన రేకో పాలిథిన్ కవరో కప్పిన గుడిసెలవి. మనిషి నడుము వంచి లోపలికి పోవాలి. వాటిలో ఉండేవాళ్ళలో ఎక్కువ మంది ఒడిశా రాష్ట్రం బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి వచ్చిన కూలీలు. హైదరాబాదులో లేచే మేడలకు ఇటుక వాళ్ళ చేతిది. జూన్‌లో తొలకరి పడకముందే వాళ్ళు వెళ్ళిపోతారు. ఈ ఆరేడు నెలల్లో వాళ్ళకు అన్యాయం జరిగితే ఎవరితో చెప్పుకోవాలి?

కాగితం మీద దీనికి జవాబు ఉన్నది. బీదవానికి ఉచిత న్యాయ సహాయం అందించాలని 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 39-ఎ అధికరణం చేర్చారు. 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టం వచ్చింది. 1995 నవంబరు 9 నుంచి అది అమలులో ఉన్నది. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డు కులాలు, తెగలవారు, స్త్రీలు, పిల్లలు, వెట్టికి గాని మనుషుల రవాణాకు గాని గురైనవారు, నిర్బంధంలో ఉన్నవారు ఉచితంగా వకీలును పొందవచ్చు. వీళ్ళ ఆదాయం ఎంత అని కూడా అడగనక్కరలేదు. 15100 నంబరుకు ఫోను చేసినా చాలునంటారు. బట్టీ మీద పనిచేసే కుటుంబాల్లో ఈ జాబితాలోకి రానిది వెతికినా కనబడదు.

మరి ఎందరు వస్తున్నారు? నిరుడు సంక్రాంతి వెళ్ళిన తర్వాత ఒక బట్టీకి పోయాను. ఊరి పేరు, సేటు పేరు ఇక్కడ అనవసరం. కొంచెం తెలుగు పట్టుబడిన పదేళ్ళ పిల్లవాడు మా మధ్య మాట చేరవేశాడు. అడ్వాన్సు ఎంత తీసుకున్నారని ఆ ఇంటి ఆడమనిషిని అడిగాను. మా ఆయనకు తెలుసునన్నది. ఇప్పటికి ఎన్ని ఇటుకలు పోశారని ఆయనను అడిగాను. సర్దారుకు తెలుసునన్నాడు. లెక్క తేడా వస్తే కోర్టుకు పోవచ్చు గదా అంటే ఆమె భయపడింది. "కోర్టు అంటే పోలీసులే గదా బాబూ" అన్నది. అక్కడి నుంచి మన కోర్టు గంట ప్రయాణం కూడా లేదు.

ఈ వ్యవహారం నడిచే తీరు తెలియని వారి కోసం కొంచెం చెప్పాలి. అక్కడ భాద్రపదంలో నువాఖాయి అనే కొత్త పంట పండుగ చేసుకుంటారు. ఆ పండుగ దాటగానే సర్దార్లు ఊళ్ళలో డబ్బు పంచుతారు. ఆ అడ్వాన్సును వాళ్ళు దాదన్ అంటారు. మొగుడు, పెళ్ళాం, ఒక పిల్లవాడు కలిసిన జట్టును పథూరియా అని లెక్కగడతారు. అంటే పిల్లవాడి చేతులు కూడా బేరంలో కలిసే ఉంటాయి. కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని. వారం వారం తిండికి ఖర్చీ ఇస్తారు. అసలు లెక్క సీజను చివరనే. అంతవరకు మధ్యలో వెళ్ళిపోవటానికి వీలులేదు. కాళ్ళకు గొలుసు ఉండదు. ఆ అప్పే గొలుసు.

ఆ గొలుసు ఎంత దూరం పోతుందో 2013 డిసెంబరులో దేశమంతా చూసింది. మన వైపు పనికి తీసుకుపోతుండగా తప్పించుకున్నవారి తాలూకు డబ్బు కోసం కలహండికి చెందిన ఇద్దరు కూలీల కుడి చేతులను దళారులు నరికివేశారు. పత్రికల్లో వచ్చిన వార్త చూసి సుప్రీంకోర్టు తనంత తానుగా ఆ కేసు చేపట్టింది. అన్ని బట్టీలూ అటువంటివి కావు. కాని చెయ్యి నరికితే తప్ప చట్టం చూపు అటు మళ్ళదంటే తప్పు చట్టాన్ని నడిపేవారిది.

చట్టంలో లోటు లేదు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అటువంటి అప్పులన్నింటినీ రద్దు చేసింది. కనీస వేతనానికి తక్కువ ఇచ్చి చేయించుకునే పని వెట్టితో సమానమని ఢిల్లీ ఏషియాడ్ కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. విముక్తి పొందిన కూలీకి పునరావాస సహాయం మగవానికి లక్ష, స్త్రీలకు, పిల్లలకు రెండు లక్షలు, మరీ దారుణమైన సందర్భాల్లో మూడు లక్షల రూపాయలు. వెంటనే చేతికి 30 వేల వరకు ఇవ్వవచ్చు. ఇదంతా అధికారి ఇచ్చే విముక్తి పత్రం మీద ఆధారపడి ఉంటుంది. ఆ పత్రం కోసం దరఖాస్తు రాసేవాడెవడు? ఇక 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లో కలిసిపోయింది. పాత హక్కుల్లో ఏది మిగిలింది, ఏది పోయింది అన్నది చదువుకున్న మనకే తికమక. బురద తొక్కే మనిషి ఎట్లా తెలుసుకుంటాడు?

ఇక్కడ ఒక పాత కేసు గుర్తుచేసుకోవటం మంచిది. హర్యానాలోని ఫరీదాబాద్ రాతి క్వారీల కూలీల గురించి బంధువా ముక్తి మోర్చా అనే సంస్థ సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. వాళ్ళూ పరాయి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళే. కోర్టు ఆ ఉత్తరాన్నే రిట్‌గా తీసుకున్నది. కూలీలను కోర్టుకు రమ్మనలేదు. ఇద్దరు వకీళ్ళను కమిషనర్లుగా క్వారీల దగ్గరకే పంపింది. వాళ్ళు ఒక్కొక్కరితో మాట్లాడి నివేదిక తెచ్చారు. 1983 డిసెంబరు 16న తీర్పు వచ్చింది. నేను చెప్పదలచినదంతా ఆ ఒక్క పనిలో ఉన్నది. వకీలు క్వారీకి పోయాడు గనుక కేసు నిలబడింది.

అంత దూరం ఎందుకు, మన తాలూకా సంగతే చూద్దాం. 1980లలో ఇక్కడి పల్లెల్లో జీతగాళ్ళు అప్పు తీరక ఏళ్ళ తరబడి దొరల ఇళ్ళలో పడి ఉండేవారు. ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం ఏర్పడి వాళ్ళను విడిపించటానికి, కూలి రేట్ల కోసం, భూముల కోసం దరఖాస్తులు పెట్టింది, కోర్టుల్లో కేసులు నడిపింది. ఆ సంఘంలో పనిచేసిన గీతా రామస్వామి 2022లో వచ్చిన తమ ఆత్మకథలో ఆ రోజుల గురించి వివరంగా రాశారు. చదువురాని కూలీ చేతిలో కూడా చట్టం పనిముట్టు కాగలదని ఈ నేల మీద ఒకసారి రుజువైంది. ఆనాటి జీతగాడి మనుమడు ఈనాడు కాలేజీలో చదువుతున్నాడు. ఆ జీతం స్థానంలోకి పరాయి రాష్ట్రం మనిషి వచ్చాడు.

తేడా ఒక్కటే. ఆనాడు మనవాళ్ళకు భాష ఉన్నది, ఊరు ఉన్నది, సంఘం ఉన్నది, ఓటు ఉన్నది. వీళ్ళకు ఇక్కడ అవేవీ లేవు. వీళ్ళు మాట్లాడే సంబల్‌పురి మన ఆఫీసుల్లో ఎవరికీ రాదు. న్యాయ విజ్ఞాన సదస్సులు జరగటం లేదని కాదు. కాని బ్యానరు కట్టి తెలుగులో ఉపన్యాసమిస్తే బట్టీ కూలీకి చేరేదేమిటి? పనిదినం నాడు వస్తే అతని ఇటుకల లెక్క పడిపోతుంది. సేటు ఎదుట కూర్చోబెట్టి కష్టం చెప్పమంటే ఎవరు చెబుతారు?

చెయ్యవలసిన పని పెద్దదేమీ కాదు. డిసెంబరు నుంచి మే వరకు నెలకొక ఆదివారం ఇద్దరు వకీళ్ళు, ఒక దుబాసీ కలిసి బట్టీలకు పోవాలి. వారపు సంతలో బల్ల వేసుకుని కూర్చున్నా మంచిదే. ఖర్చీ డబ్బుతో సరుకులకు వచ్చే కూలీ అక్కడ సేటు కంటికి దూరంగా మాట్లాడగలడు. కొన్ని బట్టీల దగ్గర ఒడియా పిల్లలకు వాళ్ళ భాషలోనే బడులు నడిచాయి. పిల్లల కోసం ఒడియా పుస్తకాలు రాగలిగినప్పుడు పెద్దల కోసం ఒక దుబాసీ దొరకడా? ప్రతి కుటుంబానికి ఒక నోటు పుస్తకం ఇచ్చి, తీసుకున్న అడ్వాన్సు, పోసిన ఇటుకలు, ముట్టిన ఖర్చీ వారం వారం రాయించాలి. తగాదా ఉంటే కూలీ రైలు ఎక్కకముందే అతని వాంగ్మూలం నమోదు చేయించాలి. లేకపోతే జూన్‌లో మనిషితోబాటే కేసూ వెళ్ళిపోతుంది. తర్వాత అక్కడి జిల్లా న్యాయసేవాధికార సంస్థతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరపాలి.

దీనికి ఒకరు నాయకత్వం వహించాలి. మండల న్యాయసేవా కమిటీ తలపెడితే ప్యానెల్ వకీళ్ళు ఉన్నారు. ఫీజు ఆశించకుండా పనిచేసే వకీళ్ళ కోసం కేంద్ర న్యాయశాఖ 2017లో న్యాయబంధు పథకం పెట్టింది. మన బార్‌లో యువ వకీళ్ళకు కొదువ లేదు. పదిమంది వంతులు వేసుకుంటే ఒక్కొక్కరికి సీజనులో ఒకటి రెండు ఆదివారాలు పడతాయి.

బట్టీ యజమానుల మాటా వినాలి. "లక్షలు అడ్వాన్సు పోస్తాము, రాత్రికి రాత్రి పారిపోతే మాకు దిక్కెవరు?" అని వాళ్ళు అడుగుతారు. ఆ బాధ అబద్ధం కాదు. అప్పుచేసి బట్టీ పెట్టినవారూ ఉన్నారు. కాని మోసం చేసిన సర్దారు మీద కోర్టుకు పోవటం వేరు, మనిషిని ఆపి పెట్టుకోవటం వేరు. నోటు పుస్తకంలో లెక్క రాసి ఉంటే నిజాయితీగల సేటుకు కూడా అది రక్షణే.

మన బీదలకే దిక్కులేదు, పరాయివాళ్ళకు వకీలా అనే మాట కూడా వస్తుంది. చట్టం అట్లా అనలేదు. 12వ సెక్షన్ "ప్రతి వ్యక్తి" అనే మాటతో మొదలవుతుంది. మన జిల్లాలోనే బాలాపూర్ వైపు మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలు గుడిసెల్లో ఉంటున్నారు. శరణార్థులపై 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం మీద మన దేశం సంతకం చెయ్యలేదు. దేశంలో స్థిరపడే హక్కు పౌరులదేనని, అయితే 14, 21 అధికరణాల రక్షణ పౌరులు కానివారికి కూడా ఉంటుందని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్ళను ఉంచాలా పంపాలా అన్నది ప్రభుత్వాలు తేల్చే విషయం. కాని వాళ్ళ మీద కేసు నడిస్తే పక్కన ఒక వకీలు ఉండాలన్నదానిలో రెండో మాట లేదు. దేశం దాటి వచ్చినవారికే ఇంత ఉన్నప్పుడు బలంగీర్ మనిషి పరాయివాడెట్లా అవుతాడు?

అసలు వలస మనకు కొత్తా? పాలమూరు లేబర్ మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి డ్యాములు కట్టింది. మన పిల్లలు దుబాయి, సౌదీల్లో పాస్‌పోర్టు యజమాని చేతిలో పెట్టి పనిచేశారు. అక్కడ ఎవరైనా వకీలు మనవాని భాషలో పలకరిస్తే ఎంత ధైర్యమో ఆ ఇళ్ళవాళ్ళను అడగాలి. 2020 మే 1న లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం దేశంలో కదిలిన మొదటి రైలు మన జిల్లా లింగంపల్లి నుంచే జార్ఖండ్‌కు బయలుదేరింది. ఆనాడు వాళ్ళకు అన్నం పొట్లాలు ఇచ్చిన చేతులు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. వాళ్ళ మీద దయ మనకు లేకపోలేదు.

అయితే దయతో లెక్క తేలదు. అన్నం పొట్లం ఒక పూటకు వస్తుంది. రాసిన లెక్క, పక్కన నిలబడే వకీలు ఉంటే మనిషి తన కూలి తాను అడిగి తీసుకుంటాడు. నువాఖాయి ప్రతి ఏడూ వస్తుంది. అడ్వాన్సు పంచేవాళ్ళు ఒక్క ఏడాది కూడా మరచిపోరు. ఈసారి గుడిసెలు లేచేసరికి మన వకీళ్ళ వంతుల జాబితా కూడా సిద్ధంగా ఉండాలి. కోర్టు అంటే పోలీసులే అనుకున్న ఆ తల్లికి, కాదమ్మా అని చెప్పటానికి ఒక ఆదివారం చాలు.