మూడేళ్ల పిల్లకు లాటరీ ఎందుకు?

గిరిజన పిల్లల్ని డ్రా తీసి బెస్ట్ అవైలబుల్ స్కూళ్లకు పంపడం మనకు తెలిసిందే. అమెరికా రాజధాని వాషింగ్టన్ డీసీలో మూడేళ్ల పిల్లలకే ఇలాంటి డ్రా ఉంది.

దాని పేరు ‘మై స్కూల్ డీసీ’. ప్రభుత్వ బడులూ, ప్రభుత్వ డబ్బుతో విడిగా నడిచే చార్టర్ బడులూ చాలావరకు అందులోనే. ఫీజు లేదు. తల్లిదండ్రులు 12 బడుల దాకా వరుసగా రాయొచ్చు. ఇంటి దగ్గరి ప్రభుత్వ బడిలో ఆ ఏరియా పిల్లలకు ముందు అవకాశం ఉంటుంది. చార్టర్‌కు ఆ హద్దుల్లేవు. నిజంగా నచ్చిన బడినే పైన రాయాలి. అది రాకపోయినా కింది వాటిలో అవకాశం తగ్గదు.

సిఫారసులకు చోటు లేదు, మంచిదే. కానీ లాటరీ సీట్లు పంచుతుందే తప్ప పెంచదు. కిండర్‌గార్టెన్ నుంచి ఇంటి దగ్గరి బడిలో సీటు హక్కు. మూడు, నాలుగేళ్ల పిల్లలకు చాలా చోట్ల ఆ హామీ లేదు. నగరం అవతల సీటొస్తే చాలా బడులకు స్కూల్ బస్సే ఉండదు. పొద్దున్నే డ్యూటీకెళ్లే అమ్మ పిల్లని ఎట్లా దింపుతది? కారూ తీరికా ఉన్నోళ్లకే 12 బడులు. లేనోళ్లకు రెండో మూడో.

డ్రా న్యాయంగా తీశారా అని అడగాల్సిందే. అసలు డ్రా ఎందుకు తీయాల్సొచ్చిందని అంతకంటే గట్టిగా అడగాలి. గూడెమైనా డీసీ అయినా, నడిచిపోయే దూరంలో మంచి బడి ఉంటే లాటరీ ఎవరికి కావాలి?