కొత్త షూ కరిస్తే పిల్లలు చెప్పరు



జూన్ 12 దగ్గరపడితే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఏ ఊళ్లో చూసినా చెప్పుల షాపుల ముందు మీరే కనిపిస్తారు. యూనిఫాం కుట్టించారు, పుస్తకాలకు అట్టలు వేశారు, ఇక మిగిలింది షూ. చాలా ఇళ్లలో దాన్ని ఆఖరి రోజు కొని, మర్నాడు పొద్దున్నే వేసి బస్సెక్కిస్తారు. నా అభ్యంతరమంతా దీని మీదే.

పోయిన ఏడాది బడి తెరిచిన మూడో రోజు మా ఆరో తరగతిలో ఒక పాప గేమ్స్ పీరియడ్‌కు వెళ్లనంది. తలనొప్పి అంది. అందరూ వెళ్లాక షూ విప్పించి చూస్తే మడమ మీద బొబ్బ పగిలి, సాక్స్ దానికి అతుక్కుపోయి ఉంది. ఇంట్లో చెప్పలేదా అని అడిగాను. "నాన్న ఇప్పుడే కదా మిస్ కొనిచ్చింది, బాగలేదంటే తిడతాడు" అంది. అంతకు ముందు రెండు రోజులూ అసెంబ్లీలో సరిగ్గా నిలబడమని ఆ పాపను గదమాయించింది నేనే.

నాకు తట్టి ఉండాల్సింది. ఆ ఎండాకాలమే నేనూ అదే తప్పు చేసి ఉన్నాను.

ఆదివారాలు నేను రోడ్ సైకిల్ తొక్కుతాను. దానికి వేరే షూ ఉంటుంది. అడుగున క్లీట్ అనే ప్లాస్టిక్ ముక్కను మూడు బోల్టులతో బిగిస్తారు, అది పెడల్‌లోకి టక్కున పడుతుంది. మడమను బయటికి తిప్పితేనే ఊడుతుంది. ఇలాంటి పెడల్‌ను 1984లో లుక్ అనే ఫ్రాన్స్ కంపెనీ తెచ్చింది, మరుసటి ఏడాది బెర్నార్డ్ హినాల్ట్ వాటితోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. నేను గెలిచిందేమీ లేదనుకోండి. బెంగళూరు వెళ్లి, షాపు తెరవగానే, ఏసీలో, పల్చటి సాక్స్ మీద వేసి చూసి కొన్నాను. కొంచెం బిగుతుగా ఉంది. వాడేకొద్దీ వదులవుతుందిలే అనుకున్నాను.

అది వదులవదు. తొక్కిన బలమంతా పెడల్‌కు చేరాలని ఆ షూ అడుగును గట్టి నైలాన్‌తోనో కార్బన్‌తోనో చేస్తారు. తోలు చెప్పులా సాగి కాలి మాట వినే రకం కాదు. పైగా ఎండకు, నడకకు పాదం సాయంత్రానికి కొంచెం ఉబ్బుతుంది. పొద్దున్నే ఏసీలో సరిపోయింది రోడ్డు మీద సరిపోదు. హిందూపురం నుంచి పెనుకొండ నలభై కిలోమీటర్ల లోపే. సోమందేపల్లి చేరేసరికి వేళ్లు మొద్దుబారాయి. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆగబోయి, మడమ తిప్పడం మరిచిపోయి, బస్టాపులో జనం ముందు పక్కకు పడ్డాను. "ఏమ్మా, చెప్పు ఇరుక్కునిందా?" అన్నాడు ఒక పెద్దాయన. నిజమే మరి.

తర్వాత ఒక నంబరు పెద్దది మార్చుకున్నాను, ఈసారి సాయంత్రం పూట, సైకిల్‌కు వేసుకునే సాక్స్‌తోనే. రెండు రోజులు ఇంట్లో వేసుకుని తిరిగాను. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే చోటి కిందికి వచ్చేలా క్లీట్ సర్దుకున్నాను. మొదట పది కిలోమీటర్లు, తర్వాత ఇరవై. నాలుగో వారానికి గానీ పెనుకొండ కోట కొండ కనిపించేదాకా వెళ్లలేదు.

పెద్దదాన్ని, జీతం తీసుకునేదాన్ని, నాకు మార్చుకునే వీలుంది. పదేళ్ల పిల్లకు ఆ నోరు లేదు.

మీ ఇబ్బంది తెలియక కాదు. ధర్మవరంలో మగ్గం మీద బతికే ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఒకేసారి షూ అంటే తేలిక కాదు. అందుకే రెండేళ్లు వస్తుందని రెండు నంబర్లు పెద్దది కొని, ముందు దూది కుక్కుతారు. ఒక్క నంబరంటే దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. రెండు నంబర్లు పెరిగితే మడమ ప్రతి అడుగుకూ లేచి దిగుతుంది, ఆ రాపిడికే బొబ్బ వస్తుంది. ముందున్న దూది మడమను పట్టుకోలేదు. బిగుతు షూ వేళ్లను కరుస్తుంది, వదులు షూ మడమను కరుస్తుంది. నిలబెట్టి చూసినప్పుడు పొడుగు వేలి ముందు మీ బొటనవేలి వెడల్పు ఖాళీ ఉంటే చాలు. రెండు కాళ్లకూ వేసి చూడండి, రెండూ ఒకే కొలత ఉండవు. బడి సాక్స్ షాపుకు తీసుకెళ్లండి. కుదిరితే వారం ముందే కొని, రోజూ సాయంత్రం ఒక గంట ఇంట్లో వేయించండి. రెగ్జిన్ షూ అయితే ఎన్ని రోజులు వేసినా పెద్దగా సాగదు, కాబట్టి బిగుతుగా ఉంటే మొదటి రోజే మార్చేయండి. బిల్లు పారేయకండి.

ఇక మా వైపు మాట. మొదటి రోజునుంచే నల్ల షూ, అదీ కొత్తగా మెరుస్తూ ఉండాలని పట్టుబట్టేది మేమే. పాత షూతోనో చెప్పులతోనో వచ్చిన పిల్లల్ని పక్కన నిలబెట్టేదీ మేమే. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి వెళ్లే నాన్నలకు కొత్త సేఫ్టీ షూ మొదటి వారం ఎలా ఉంటుందో తెలుసు. ఆ వారమే మన పిల్లలు అసెంబ్లీ, డ్రిల్, మెట్లు, అన్నీ అదే షూతో చేస్తారు. మొదటి రెండు వారాలు పాత షూ అయినా, చెప్పులైనా అడగకూడదని నా అభిప్రాయం. ఇది ఇంకా రూల్ కాదు, నా మాట మాత్రమే.

ఈ జూన్‌లో మీ పాపకు కాలు నొప్పి ఉంటే డైరీలో ఒక్క లైను రాసి, చెప్పులతోనే పంపండి. మా సెక్షన్‌లో నేను నిలబెట్టను. మిగతా సెక్షన్ల సంగతి మొదటి పీటీఎంలో మీరు అడగండి, స్టాఫ్ మీటింగ్‌లో నేను అడుగుతాను.