బొమ్మ ఆటగాడిది, చిల్లు అభిమాని జేబుకి

2021 ఫిబ్రవరిలో అమెరికాలో ఒక వీడియో ముక్క 2 లక్షల 8 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. అప్పటి రేటు ప్రకారం మన లెక్కలో కోటిన్నర రూపాయలు. అందులో ఉన్నది లెబ్రాన్ జేమ్స్, నల్లజాతి బాస్కెట్‌బాల్ వీరుడు. గాల్లోకి లేచి బంతిని బుట్టలోకి దిగ్గొట్టాడు. అంతే. కొన్ని సెకన్ల ఆట. దాన్ని యూట్యూబులో ఎవరైనా పైసా ఇవ్వకుండా చూడొచ్చు. మరి కోటిన్నర పెట్టినవాడు ఏం కొన్నట్టు?

ఎక్కడో అమెరికా సంగతి మనకెందుకులే అనుకోవద్దు. ఈ వ్యాపారం హైదరాబాదు దాకా వచ్చింది. మన పిల్లల సెల్‌ఫోన్లలోకి వచ్చింది. అందుకని కాస్త ఓపిగ్గా విప్పి చూద్దాం.

వీటిని ఎన్.ఎఫ్.టి.లు అంటారు. డిజిటల్ సేకరణ వస్తువులు అని గొప్పగా పిలుస్తారు. అనేక కంప్యూటర్లలో ఒకేసారి రాసి ఉంచే ఒక ఖాతా పుస్తకం ఉంటుంది. అందులో ఫలానా నంబరు ఫలానా వాడి పేరున ఉంది అని ఒక పద్దు రాస్తారు. నువ్వు కొనేది ఆ పద్దు. వీడియో మీద హక్కు నీకు రాదు, అది లీగు దగ్గరే ఉంటుంది. ఆటగాడి మీద హక్కు రాదు. సినిమా హాల్లో వేసుకునే హక్కు కూడా రాదు. ఇది మనోళ్లకు అర్థం కావడం కష్టమేం కాదు. పట్టా చేతిలో పెట్టి పొలం చూపించని సర్కార్లను మనం ఎన్ని చూడలేదు! పాసుపుస్తకం ఉంటుంది, దున్నుకుందామంటే భూమి ఉండదు. ఇదీ అంతే. కాకపోతే మన పట్టా ఊరికే ఇచ్చారు, దీన్ని డబ్బులకు అమ్మారు.

లెబ్రాన్ ముక్కను అమ్మకానికి పెట్టింది ఎన్.బి.ఏ. టాప్ షాట్. నడిపేది కెనడాకు చెందిన డాపర్ ల్యాబ్స్ అనే కంపెనీ. సీల్ చేసిన ప్యాకెట్లు అమ్ముతాడు. లోపల ఎవరి బొమ్మ వస్తుందో తెలియదు. లాటరీ మాదిరే. వచ్చినదాన్ని అదే కంపెనీ బజార్లో ఇంకొకడికి అమ్ముకోవచ్చు, అమ్మిన ప్రతిసారీ కంపెనీ నూటికి 5 కోసుకుంటుంది. బొమ్మ పంట పండించదు, అద్దె తేదు, పాలివ్వదు. దానికి ధర వచ్చే దారి ఒక్కటే. నీకంటే ఎక్కువ పెట్టేవాడు నీ వెనకాల రావాలి. వాడి వెనకాల ఇంకొకడు. ఆ వరస ఎక్కడో ఒకచోట తెగుతుంది. తెగినచోట నిలబడినవాడు మునుగుతాడు. అగ్రిగోల్డ్ దెబ్బ తిన్న ఊళ్లలో ఈ లెక్క చిన్న పిల్లాడికి కూడా తెలుసు.

మరి ఆ వరసలోకి జనాన్ని లాక్కొచ్చేది ఎవరు? ఇక్కడే ఆటగాడు కావాలి.

2021 మార్చిలో ఈ డాపర్ ల్యాబ్స్ 30 కోట్ల 50 లక్షల డాలర్ల పెట్టుబడి పోగేసింది. పెట్టినవాళ్లలో మైకేల్ జోర్డాన్, కెవిన్ డ్యురాంట్, క్లే థాంప్సన్ వంటి పెద్ద పేర్లు ఉన్నాయి. గమనించండి. బొమ్మలో ఆటగాడే. బొమ్మను పొగిడేది ఆటగాడే. బొమ్మలమ్మే కంపెనీలో వాటాదారూ ఆటగాడే. బయటి నుంచి చూసే అభిమానికి మాత్రం తన హీరో ఇష్టపడి కొంటున్నట్టు కనబడుతుంది.

ఆటగాళ్లు సొంతంగా కొనలేదా అంటే కొన్నారు. స్టెఫెన్ కరీ 2021లో 1 లక్షా 80 వేల డాలర్లు పెట్టి ఒక కోతి బొమ్మ కొన్నాడు. నేమార్ 2022 జనవరిలో రెండు కోతి బొమ్మలకు పది లక్షల డాలర్లకు పైగా పెట్టాడు. కోతి బొమ్మలే, అబద్ధం కాదు. వాటి ధర తర్వాత దబ్బున పడింది. అందుకని ఆటగాళ్లు కూడా మోసపోయారు పాపం అని కొందరు జాలిపడుతున్నారు. నేమార్‌కు పది లక్షల డాలర్లు పోతే ఆ ఏడు వంటింట్లో పొయ్యి ఆగదు. ఆయన్ను చూసి వంద డాలర్లు పెట్టిన కుర్రాడి సంగతి అది కాదు.

క్రిస్టియానో రొనాల్డో 2022లో బైనాన్స్ అనే క్రిప్టో కంపెనీతో ఒప్పందం చేసుకుని నవంబరులో, సరిగ్గా ఖతార్ ప్రపంచకప్పు ముందు, తన బొమ్మలు విడుదల చేశాడు. అన్నిటికంటే చవకది 77 డాలర్లు. ఏడాది తిరిగేసరికి అది డాలరు దగ్గరికొచ్చి పడింది. 2023 నవంబరులో కొన్నవాళ్లు అమెరికాలో ఆయన మీద వంద కోట్ల డాలర్లకు కేసు వేశారు. అంతకు ముందే, ఆ ఏడాది ఫిబ్రవరిలో, పాల్ పియర్స్ అనే మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు 14 లక్షల డాలర్లు కట్టి అమెరికా సెక్యూరిటీస్ కమిషన్‌తో రాజీ పడ్డాడు. ఆయన పొగిడింది బొమ్మల్ని కాదు, ఒక క్రిప్టో నాణేన్ని. అది కొనండి అని పొగడడానికి తాను 2 లక్షల 44 వేల డాలర్ల విలువైన ఆ నాణేలే పుచ్చుకున్నట్టు జనానికి చెప్పలేదు. టాప్ షాట్ వాళ్లు కొనుగోలుదారుల కేసులో 2024లో 40 లక్షల డాలర్లిచ్చి బయటపడ్డారు.

షకీల్ ఓనీల్ కథ ఇంకా తమాషా. ఏడడుగుల మనిషి. ఆస్ట్రల్స్ అని పదివేల బొమ్మల పథకం 2022లో పెట్టించాడు. అది కుప్పకూలాక కేసులు పడ్డాయి. ఇంకోవైపు, 2022 నవంబరులో దివాళా తీసిన ఎఫ్.టి.ఎక్స్. అనే క్రిప్టో కంపెనీకి ప్రకటనలు చేసినందుకు కేసు కూడా పడింది. నోటీసు ఇద్దామంటే నెలల తరబడి మనిషి దొరకలేదట. ఏడడుగుల మనిషి! చివరికి 2023 మేలో మయామీలో మ్యాచ్ జరుగుతుండగా స్టేడియంలో చేతికిచ్చారు. ఆ స్టేడియానికి అంతకు ముందున్న పేరు ఎఫ్.టి.ఎక్స్. అరేనా. ఆస్ట్రల్స్ కేసులో 2024లో కోటీ 10 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

2023లో ఒక సంస్థ 73 వేలకు పైగా ఇటువంటి బొమ్మల వరసల్ని లెక్కగడితే 69 వేలకు పైగా వరసల విలువ సున్నా అని తేలింది. నూటికి 95. ఇక ఆ లెక్క అక్కడ వదిలేద్దాం.

మనల్ని ఎక్కువ కలవరపెట్టే సంగతి వేరే ఉంది. అమెరికాలో 2022లో ఏరియల్, ష్వాబ్ సంస్థలు చేసిన సర్వేలో నల్లజాతివాళ్లలో నూటికి 25 మంది దగ్గర క్రిప్టో ఉంది. తెల్లవాళ్లలో 15 మందే. నలభై ఏళ్ల లోపు నల్లవాళ్లలో 38 మంది. ఎందుకిట్లా? బ్యాంకు అప్పివ్వదు. తాతల ఆస్తి లేదు. షేర్ మార్కెట్టు గురించి చెప్పే మేనమామ ఇంట్లో లేడు. అటువంటి ఇంటికి టీవీలో ఒక నల్లవీరుడు వచ్చి, ఇది కొత్త బజారు, ఇక్కడ ఎవడూ నిన్ను గుమ్మం దగ్గర ఆపడు అంటే నమ్మకేం చేస్తారు? నమ్మకం తెలివితక్కువతనం వల్ల రాలేదు. పాత తలుపులన్నీ మూసి ఉండబట్టి వచ్చింది.

ఇది మొదటిసారి కూడా కాదు. ఫూలే ‘గులాంగిరి’ రాసి, బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చింది 1873లో. ఆ మరుసటి ఏడే అక్కడ విముక్తులైన బానిసల బ్యాంకు మునిగింది. ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు. 1865లో పెట్టారు. పాసుపుస్తకాల మీద లింకన్ బొమ్మ ఉండేది. అది చూసి సర్కారు హామీ ఉందనుకున్నారు జనం. హామీ లేదు. చాకిరీ చేసి, సిపాయిలుగా పోరాడి కూడబెట్టిన డాలర్లు అందులో దాచుకున్నారు. పైన కూచున్న తెల్లదొరలు ఆ డబ్బు తమకు కావలసినవాళ్లకు అప్పులిచ్చారు. కొంప మునిగే సమయానికి, 1874 మార్చిలో, ఫ్రెడరిక్ డగ్లస్‌ను తెచ్చి అధ్యక్ష కుర్చీలో కూచోబెట్టారు. బానిసగా పుట్టి పారిపోయి వచ్చి బానిసత్వాన్ని కూల్చడానికి జీవితమంతా మాట్లాడిన మనిషి. ఆయన మొహం చూస్తే జనం డబ్బు వెనక్కి తీసుకోరని వాళ్ల లెక్క. డగ్లస్‌కు లోపలి కుళ్లు తెలియదు. తన సొంత పదివేల డాలర్లు కూడా అందులో వేశాడు. జూన్ 29న బ్యాంకు మూతబడింది. 61 వేల మంది, దాదాపు 30 లక్షల డాలర్లు.

డగ్లస్‌నూ ఓనీల్‌నూ ఒక గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. డగ్లస్ తన డబ్బు పోగొట్టుకున్నాడు, తెలిశాక నోరు విప్పాడు. ఒక జాతి కష్టపడి సంపాదించుకున్న నమ్మకాన్ని పైవాళ్లు ఎట్లా అద్దెకు తీసుకుంటారో చూడమంటున్నాం. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో టామీ స్మిత్, జాన్ కార్లోస్ పిడికిలి ఎత్తితే ఇంటికి పంపేశారు. సైన్యంలో చేరనన్నందుకు 1967లో మహమ్మద్ అలీ బిరుదు లాగేసుకున్నారు. నల్ల ఆటగాడి మాటకు విలువ వచ్చింది అట్లాంటి వాళ్ల వల్ల. యాభై ఏళ్ల తర్వాత ఆ విలువను కంపెనీ వాడు చిల్లరగా మార్చుకుంటున్నాడు.

ఇక మన దగ్గరికి వద్దాం. యువరాజ్ సింగ్ 2021 డిసెంబరులో, తన పుట్టినరోజు నెలలోనే, కోలెక్షన్ అనే కంపెనీ ద్వారా బొమ్మలు పెట్టాడు. దాని ప్రచారానికి ఆయన మొదటి వన్డే సెంచరీ బ్యాటును బెలూనుకు కట్టి ఆకాశంలోకి పంపారు. ఎక్కణ్నుంచి? హైదరాబాదు నుంచే. బ్యాటు పైకిపోయింది. రారియో అనే క్రికెట్ బొమ్మల కంపెనీకి 2022 ఏప్రిల్‌లో 12 కోట్ల డాలర్లు వచ్చాయి. ముందు నిలబడి పెట్టించింది డ్రీమ్ 11 వాళ్ల పెట్టుబడి సంస్థ. ఇండియా జట్టు చొక్కా మీద పేరు వేసుకున్న ఆ డ్రీమ్ 11, డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల్ని పార్లమెంటు 2025 ఆగస్టులో నిషేధించాక, చొక్కా వదిలి పోయింది.

రారియో, మరో ఐదుగురు క్రికెటర్లు కలిసి ఢిల్లీ హైకోర్టుకు పోయారు. స్ట్రైకర్ అనే ఇంకో కంపెనీ అనుమతి లేకుండా ఆటగాళ్ల పేర్లూ బొమ్మలూ వాడి ఇటువంటి కార్డులే అమ్ముతోందని ఫిర్యాదు. ఆ ఐదుగురిలో మన సిరాజ్ ఒకడు. 2023 ఏప్రిల్ 26న కోర్టు, ఆటగాళ్ల పేర్లూ పరుగుల లెక్కలూ అందరికీ తెలిసినవే, ఆపలేం అంది. తీర్పు మంచిచెడ్డలు లాయర్లు చూసుకుంటారు. మేం గమనించింది ఒక్కటే. వాదన అంతా ఈ బొమ్మల డబ్బు ఏ కంపెనీకి పోవాలి అని. కొన్న కుర్రాడి గురించి ఆ గొడవలో ఎవరికీ పట్టింపు లేదు.

సిరాజ్ పేరెత్తితే మనవాళ్లకే కోపం వస్తుంది. ఆటో నడిపి కొడుకును పెంచిన తండ్రి. ఆ కొడుకు ఇండియాకు బౌలింగ్ వేశాడు. మనోడు నాలుగు డబ్బులు సంపాదించుకుంటే మీకెందుకు ఏడుపు, పెద్దింటి ఆటగాళ్లు సంపాదించినప్పుడు నోరు మూసుకున్నారు కదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫాస్ట్ బౌలర్ ఒళ్లు పదేళ్లే పనికొస్తుంది. ఆ పదేళ్లలో సంపాదించుకోవాలి. బూట్లమ్మనీ, బ్యాట్లమ్మనీ, సబ్బులమ్మనీ. బూటు చిరిగినా ఏడాది తొడుక్కుంటాడు కొన్నవాడు. కానీ బొమ్మ కొనేవాడు దాన్ని తొడుక్కోవడానికి కొనడం లేదు. రేపు రెట్టింపవుతుందని కొంటున్నాడు. ఆ ఆశకు ఆటగాడి మొహమే జామీను. జామీను ఉన్నవాడు బాకీకి జవాబు చెప్పాలి. మన ఊళ్లలో అదే పద్ధతి.

మా చిన్నప్పుడు బిగ్ ఫన్ బబుల్‌గమ్ కాగితంలో క్రికెటర్ల కార్డులొచ్చేవి. మీలో చాలామంది పోగేసే ఉంటారు. కపిల్ దేవ్ కార్డు కోసం కొట్లాటలు కూడా జరిగాయి. కార్డు నచ్చకపోయినా నోట్లో గమ్మన్నా మిగిలేది. ఇప్పుడు నేను పాఠం చెప్పే తొమ్మిదో తరగతిలో ఫోను లేని ఇంటి పిల్లాడికి కూడా ఏ యాప్‌లో ఏ ప్లేయర్ కార్డు రేటెంతో తెలుసు. నూటికి 30 పన్ను ఎంతో లెక్క చెయ్యమంటే మాత్రం బిక్కమొహం.

ఆ 30 ఊరికే అనలేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో మీద, ఈ బొమ్మల మీద వచ్చిన లాభానికి 30 శాతం పన్ను. ఒకదాంట్లో పోయిన డబ్బును ఇంకోదాని లాభంలో తీసేసుకోనివ్వరు. జూలై నుంచి అమ్మకం మీద ఒక శాతం ముందే కోత. అంటే సర్కారుకు ఇందులో వాటా ఉంది. కొన్నవాడికి రక్షణ మాత్రం లేదు. వినియోగదారుల చట్టం 2019 ప్రకారం తప్పుడు ప్రకటనలో నటించినవాడికి మొదటిసారి 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఏడాది పాటు ప్రకటనల నుంచి ఆపొచ్చు. ఆ చట్టాన్ని పట్టుకుని ఈ బొమ్మల మీద ఫిర్యాదులు రాయడం మనం మొదలుపెట్టాలి. సొంతంగా రాసుకోలేనివాళ్లు మన జిల్లా కమిటీల దగ్గరికి రండి. రాసి పెడతాం.

ప్రకటనల కంపెనీలు తమకు తాము పెట్టుకున్న సంస్థ ఒకటుంది, ఏ.ఎస్.సి.ఐ. అదే 2022 ఏప్రిల్ నుంచి ప్రతి క్రిప్టో, ఎన్.ఎఫ్.టి. ప్రకటన కింద ఒక హెచ్చరిక వెయ్యాలని చెప్పింది. పత్రికలో అయితే ప్రకటన జాగాలో ఐదో వంతు దానికే ఇవ్వాలి. ప్రకటన ఇంగ్లీషులో ఉంటే హెచ్చరికా ఇంగ్లీషులోనే ఉంటుంది. దాని సారాంశం ఇది: ఈ సరుకుల మీద ఎవరి అదుపూ లేదు, ప్రమాదం చాలా ఎక్కువ, డబ్బు పోతే చట్టప్రకారం అడగడానికి దారి ఉండకపోవచ్చు. ఈ మూడు ముక్కలూ తెలుగులో పెద్ద అక్షరాల్లో ఈ సంచిక వెనక అట్ట మీద వేస్తున్నాం. చింపి మీ హాస్టల్ గోడకీ, బడి గోడకీ, టీ కొట్టు దగ్గరా అంటించండి.